సెప్సిస్‌లో మోనోసైట్ పరీక్ష: ఆ అంకెను ఎలా చదవాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. చాలాకాలంగా సుగర్ ఉంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరి సెప్సిస్ రావడంతో హైదరాబాద్‌లో 16 రోజులు ఐసీయూలో ఉండి, ఇప్పుడు ఇంటికి వచ్చారు. మూడో రోజు రిపోర్టులో ‘మోనోసైట్ హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ 4,300’ అని ఉంది. ఎనిమిదో రోజుకు అది 11,200 అయింది. మొదటిది చూసి ‘రోగనిరోధక శక్తి బాగా పడిపోయింది’ అన్నారు డాక్టర్‌గారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మనిషికి రోగనిరోధక శక్తి పడిపోవడమేమిటి? మనిషి దక్కేదీ లేనిదీ ఆ అంకె చెబుతుందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ మొదటి సందేహం వైద్యులను కూడా చాలాకాలం తికమకపెట్టింది. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణాపాయకరంగా దెబ్బతినడమే సెప్సిస్ అని 2016లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. అదుపు తప్పడమంటే రోగనిరోధక శక్తి విజృంభించడమేనని ఒకప్పుడు చాలామంది భావించేవారు. ఆ విజృంభణ వల్ల ఒళ్లంతా కలిగే వాపును (ఇన్‌ఫ్లమేషన్) అణచడానికి 1990ల్లో ఎన్నో మందులు ప్రయత్నించినా ఆశించిన ఫలితం రాలేదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ పరిశోధకులు సెప్సిస్‌తో మరణించిన 40 మంది ప్లీహాన్నీ ఊపిరితిత్తులనూ మరణం తర్వాత 30 నుంచి 180 నిమిషాల్లోపే సేకరించి పరీక్షించి, వాటిలోని రోగనిరోధక కణాలు ప్రేరేపించినా సరిగా స్పందించలేనంతగా నీరసించిపోయాయని 2011లో ప్రచురించారు. అంటే ఒకే మనిషిలో, కొన్నిసార్లు ఒకే రోజున, విజృంభణా నీరసమూ రెండూ ఉండవచ్చు. మీ నాన్నగారి రిపోర్టు చూపినది ఈ రెండోదాన్ని.

మోనోసైట్ తెల్ల రక్తకణాల్లో ఒక రకం. అది సూక్ష్మజీవిని మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను తన ఉపరితలం మీద ఉంచి టి-కణానికి (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే మరో రకం తెల్లకణం) ‘ఇదీ శత్రువు’ అని చూపిస్తుంది. ఆ ముక్కను పట్టి ఉంచే అణువే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్. పరీక్షలో దీనికి మెరిసే యాంటీబాడీలను తగిలించి, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నడిపిస్తారు. ఒక్కో కణానికి సగటున ఎన్ని యాంటీబాడీలు అంటుకున్నాయో తెలిపేదే మీరు రాసిన అంకె. ఆరోగ్యవంతుల్లో ఇది సాధారణంగా 15,000కు పైనే ఉంటుంది. 8,000 కంటే తగ్గితే రోగనిరోధక శక్తి బాగా అణగిపోయిందని అనేక పరిశోధనల్లో లెక్కించారు. అయితే రక్తం తీశాక నమూనాను చల్లగా ఉంచి త్వరగా పరీక్షించకపోతే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, రెండు వేర్వేరు ల్యాబుల రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవద్దు.

ఇక ప్రాణం సంగతి. మొదటి రోజుల్లో చాలామందిలో ఈ అంకె పడిపోతుంది. తరువాత బతికేవారిలోనూ పడిపోతుంది. తేడా ఆ తర్వాత బయటపడుతుంది. సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే స్థితి) రోగులను గమనించిన ఫ్రాన్స్‌లోని లియాన్ బృందం, మూడు నాలుగు రోజుల తర్వాత కూడా అంకె కోలుకోని వారిలో మరణాలు ఎక్కువని 2006లో చూపింది. అది లేవనివారికి ఆసుపత్రిలోనే మరో ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశమూ ఎక్కువే. అందుకే నాకు 4,300 కంటే, అది అయిదు రోజుల్లో 11,200కు లేచిందన్న సంగతే ముఖ్యంగా తోచింది. అయినా ఇది వందల మంది రోగుల లెక్కల్లో తేలిన ధోరణే. ఒక్క మనిషి విషయంలో వయసు, కిడ్నీల పరిస్థితి, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం), యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడింది అనేవన్నీ దానితో కలిసి లెక్కకు వస్తాయి.

ఈ పరీక్ష దొరకని ఊళ్లలో కూడా రోజూ చేసే సీబీపీలో ఒక ఆచూకీ ఉంటుంది. తెల్లకణాలు 14,000, అందులో లింఫోసైట్లు (టి-కణాల వంటి తెల్లకణాలు) 4 శాతం అనుకుందాం. అప్పుడు లింఫోసైట్ల అసలు సంఖ్య 560. పెద్దవారిలో అది సుమారు 1,000కు పైన ఉండాలి. మొత్తం కౌంట్ ఎక్కువగా ఉందని చూసి ఊరుకుంటే ఈ లోటు కంటపడదు. నాలుగో రోజుకూ అది లేవకపోతే అదీ ప్రతికూల సూచనే.

ఇంటికి వచ్చాక కూడా కొన్ని నెలలు మీ నాన్నగారికి మళ్లీ ఇన్‌ఫెక్షన్ సోకే ముప్పు ఉంటుంది. చలిజ్వరం, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడడం లేదా మగతగా ఉండడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. న్యుమోనియా, ఫ్లూ టీకాల గురించి కూడా డాక్టర్‌గారిని అడగండి.

ప్రశ్న: సెప్సిస్ రోగికి ‘ఇమ్యూనిటీ పెంచే’ ఇంజెక్షన్లు కొని తెమ్మంటే తేవాలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అది ఏ మందో ముందు అడగండి. ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) సీసాలయితే, పెద్దవారి సెప్సిస్‌లో వాటిని మామూలుగా వాడవద్దనే 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అందుకోసం అప్పు చేయబోయే ముందు, ఈ రోగికి అది ప్రత్యేకంగా ఎందుకు అవసరమో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. తెల్లకణాలను ప్రేరేపించే జీఎం-సీఎస్‌ఎఫ్ అనే మందును హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ 8,000కు మించని 38 మంది మీద జర్మనీలో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ అంకె కోలుకుంది, వెంటిలేటర్ మీద ఉండే సమయమూ తగ్గింది. కానీ మరణాలు తగ్గాయని తేల్చడానికి అంత చిన్న అధ్యయనం సరిపోదు. ఆ మందు ఎవరికి అవసరమో రక్తపరీక్షతో ముందే ఎంచుకోవడం మాత్రం సరైన పద్ధతని నా అభిప్రాయం. ఎందుకంటే వాపు విజృంభిస్తున్న రోగికీ, కణాలు నీరసించిన రోగికీ ఒకే ఇంజెక్షన్ పనికిరాదు.