ఇన్వర్టర్ మార్చే ముందు ఒక ఆదివారం మేడ మీద కూర్చో

నరసరావుపేట

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి చూశాను. ఏప్రిల్‌లో రోజుకి 13 యూనిట్లు ఇచ్చిన మూడు కిలోవాట్ల సోలార్ ఈ డిసెంబరులో 8 దగ్గర ఆగిపోతోందనీ, బిగించినవాళ్ళు ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) మార్చాలంటున్నారనీ రాశావు. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడి సగం పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడప్పుడే ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకు. ఇన్వర్టర్ చెడిపోతే చాలావరకు మొత్తానికే ఆగిపోతుంది, లేదంటే తెర మీద ఎర్రలైటుతో ఏదో ఒక ఎర్రర్ చూపిస్తుంది. 13 ఇచ్చేది మెల్లగా 8కి దిగిందంటే దోషం ఎక్కువసార్లు వేరేచోట దొరుకుతుంది.

ముందు ఆ 8 ఎక్కడ చూశావో చెప్పు. కరెంటు బిల్లులో ఎక్స్‌పోర్ట్ అని ఉండేది సోలార్ తయారుచేసిన మొత్తం కాదు తల్లీ. పగలు మీ ఫ్రిజ్, మోటారు, మిక్సీ వాడుకోగా మిగిలి బయటికి వెళ్ళిందే అక్కడ పడుతుంది. అత్తయ్యగారు మీ ఇంటికి వచ్చాక మధ్యాహ్నం ఏసీ నడుస్తోందన్నావు కదా, ఆ మేరకు ఎక్స్‌పోర్ట్ తగ్గడం సహజం. ఫోన్‌లో యాప్‌ని కూడా పూర్తిగా నమ్మకు, వైఫై పోయిన పూట కొన్ని యాప్‌లు లెక్క తప్పుతాయి. ఇన్వర్టర్ తెర మీద మొత్తం యూనిట్ల అంకె ఉంటుంది. ఈరోజు సాయంత్రం పొద్దుగూకాక అది రాసుకో, రేపు అదే వేళకి మళ్ళీ రాసుకో. రెంటికీ తేడాయే అసలు ఉత్పత్తి. మన వైపు ఏడాది మొత్తం మీద కిలోవాటుకి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తే బాగా పనిచేస్తున్నట్టే. పొద్దు తక్కువైన డిసెంబరులో, అదీ మంచు పట్టిన రోజుల్లో, 13 ఆశించకూడదు. కానీ ఎండ బాగా కాసిన రోజు కూడా 8 అంటే వెతకాల్సిందే.

ఎండ మండిపోయే మే నెలలో ఎక్కువ వస్తుందని అందరూ అనుకుంటారు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. మేలో పలక వేడి 65కి పోతుంది. పలక వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది, 25 దాటిన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పోయినా 14 శాతం అక్కడే ఆవిరవుతుంది. కాబట్టి వచ్చే వేసవిలో కాస్త తగ్గినా కంగారు పడకు.

ఇక యాప్‌లో ఒక రోజు గ్రాఫు తెరిచి చూడు. మబ్బులేని రోజున అది బోర్లించిన మూకుడులా ఉండాలి. మొత్తం మూకుడే చిన్నదైతే దుమ్ము. రోజూ ఒకే వేళకి అంచు కొరికినట్టుంటే నీడ. మధ్యాహ్నం దువ్వెన పళ్ళలా తెగితెగి ఉంటే అది వేరే జబ్బు, దాని సంగతి తర్వాత చెబుతాను.

నీకు నీడేనని నా అనుమానం. ఫొటోలో ప్యానెళ్ళకి దక్షిణాన ఎత్తు దిమ్మ మీద నల్ల నీళ్ళట్యాంకు కనబడింది. దక్షిణాయనం చివర్లో పొద్దు బాగా దక్షిణానికి దిగుతుంది. ఈ నెలలో మీ తెనాలిలో మధ్యాహ్నం వేళ కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆరడుగుల ఎత్తున్న వస్తువుకి మధ్యాహ్నం అయిదడుగుల నీడ, ఉదయం తొమ్మిదింటికి దాదాపు పదడుగుల నీడ పడుతుంది. అదే ఏప్రిల్ నెల మధ్యలో అయితే మధ్యాహ్నం అడుగు కూడా ఉండదు. బిగించినప్పుడు ఫిబ్రవరి నెలాఖరు, అప్పటికే పొద్దు పైకెక్కింది, అందుకే ఎవరికీ తట్టలేదు.

కొంచెం నీడకే అంత తగ్గుతుందా అంటావేమో. ప్యానెళ్ళన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసల్లా ఉంటాయి, ఒకే కరెంటు అన్నిట్లోంచీ పోవాలి. నీడపడ్డ గడి దాన్ని అడ్డుకుంటుంది. అందుకే ప్యానెల్ వెనక పెట్టెలో మామూలుగా మూడు డయోడ్లు పెడతారు. ఎక్కడ నీడ పడిందో ఆ మూడోవంతును వదిలేసి కరెంటును పక్కనుంచి పోనిస్తాయి. అరచేయంత నీడకి ప్యానెల్లో అంత భాగం పోవచ్చన్నమాట. బట్టల దండెం మీద ఆరేసిన చీర, టీవీ డిష్షు, పక్కవాళ్ళ కొబ్బరాకు, ఏదీ చిన్నది కాదు. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి నాలుగు దాకా గంటకోసారి పైకెక్కి, నీడ ఏ ప్యానెల్ మీదుందో కాగితం మీద బొమ్మ గీసుకో. పక్కనే అప్పటి వాట్లు రాసుకో.

దుమ్ము సంగతి త్వరగా చెబుతాను. వరి నూర్పిళ్ళ ధూళి, మంచు కలిసి ప్యానెల్ కింది అంచున సన్నటి బురద గీతలా పేరుకుంటుంది. దూరం నుంచి శుభ్రంగానే కనిపిస్తుంది, వేలితో రాసి చూస్తే తెలుస్తుంది. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే కడుగు. మెత్తటి గుడ్డ, మంచినీళ్ళు చాలు. సర్ఫు వద్దు. ఉప్పటి బోరునీళ్ళతో కడిగితే తెల్లమచ్చలు కట్టేస్తాయి. ప్యానెల్ మీద కాలు మాత్రం పెట్టకు, పైకి కనబడని పగుళ్ళు లోపల పడతాయి.

దువ్వెన పళ్ళ జబ్బు మా ఇంట్లోనే వచ్చింది. ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టినవాణ్ణి, నాకే నెల పట్టింది. కడిగాను, ప్యానెళ్ళ వైర్లను కలిపే పిన్నులు మార్పించాను, ఏమీ తేడా రాలేదు. ఒకరోజు పదకొండింటికి మల్టీమీటర్ పట్టుకుని ఇన్వర్టర్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. 250, 252, 254 వోల్టులు. టక్కుమని రిలే (ఇన్వర్టర్‌ని లైనుతో కలిపే స్విచ్చి) పడిపోయింది. తెర మీద నిమిషం లెక్క నడిచి మళ్ళీ కలిసింది. పది నిమిషాల్లో మళ్ళీ టక్కు. మాది 253 దాటితే విడిపోయేలా పెట్టి ఉంది. వెంటనే కిందికి దిగి మీటరు దగ్గర కొలిస్తే 248 ఉంది. పైనుంచి మీటరుకి ముప్పై మీటర్ల దూరం, బిగించినవాడు రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు లాగిపోయాడు. 13 ఆంపియర్లు ఆ సన్నవైరులో తోసుకురావడానికే ఆరు వోల్టులు పెరుగుతున్నాయి. ఆరు స్క్వేర్ వైరు వేయించాను, టక్కు ఆగిపోయింది. నీ గ్రాఫు అలా ఉంటే పైనా కిందా రెండుచోట్లా ఎలక్ట్రీషియన్‌తో కొలిపించు. కిందే ఎక్కువుంటే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి, కరెంటాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పగలు కరెంటు పోయినంతసేపూ సోలారూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాడి ప్రాణం కోసం అలా పెట్టారు. ఆ వేళలూ రాసుకో.

మీకు కేంద్రం వాళ్ళ పీఎం సూర్యఘర్ పథకం కింద సబ్సిడీ 78,000 రూపాయలు వచ్చింది కదా. ఆ పథకంలో బిగించినవాళ్ళు 5 ఏళ్ళు నిర్వహణ చూడాలి. ఇన్వర్టర్‌కీ వారంటీ ఉంటుంది. నిజంగా పాడైందంటే ఎర్రర్ నంబరుతో సహా కాగితం మీద రాసిమ్మను.

నీడల బొమ్మ గీసిన కాగితం ఫొటో ఆదివారం రాత్రి పంపు. నీడే అయితే దిమ్మ పడగొట్టక్కర్లేదు, ట్యాంకును ఉత్తరం వైపుకి మార్చే వీలుందేమో చూద్దాం. పండక్కి వచ్చేటప్పుడు వైరు విప్పకుండానే కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ తెస్తాను. అప్పటిదాకా ప్యానెళ్ళ మధ్య నల్లపిన్నులు నువ్వు గానీ అల్లుడుగారు గానీ ఊడదీయవద్దు. ఎండ ఉన్నంతసేపూ అందులో రెండొందల యాభై వోల్టుల డీసీ ఉంటుంది, నడుస్తుండగా లాగితే నిప్పు లేస్తుంది.

మీ మామయ్య