మల్లేశ్వరంలో ఇల్లు తీసుకున్నావటగా

చిట్టీ,

బెంగళూరులో, మా మల్లేశ్వరం పదిహేనో క్రాస్‌లోనే ఇల్లు కుదిరిందని మీ అమ్మ చెప్పింది. అద్దె ఎంతో విని మీ పెదనాన్న కళ్లజోడు తీసి రెండుసార్లు తుడుచుకున్నారులే.

సంతకం పెట్టేముందు ఒక్క మాట. పది నెలల అడ్వాన్సు అడగడం ఇక్కడి పాత అలవాటు, నోరు తెరిచి అడిగితే తగ్గుతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకుంటారేమో కాగితంలో చూసుకో. కుళాయిలో కావేరి నీళ్లు ఏ రోజు వస్తాయో, మోటారు ఎవరు వేస్తారో మాత్రం ఓనర్ని కాదు, కింది వాటా ఆవిడని అడుగు.

పేరుకి బెంగళూరే గానీ ఇది పల్లెటూరే అనుకో. 1898లో ప్లేగు వచ్చాక, పాత ఊరి ఇరుకు వీధుల్లోని జనం వచ్చి స్థిరపడిన పేట ఇది. కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ ఆ కుటుంబాలవాళ్లే ఉన్నారు, కోట్లు పలికే స్థలంలో కూర్చుని ఎనిమిదో క్రాస్‌లో కొత్తిమీర కట్టకి బేరమాడతారు. నువ్వు ఎన్నింటికి వెళ్తావో, ఎవరొచ్చి వెళ్లారో వారంలో అందరికీ తెలిసిపోతుంది. చిరాకుపడకు, మేం ఊరెళ్తే ఇంటిమీద ఓ కన్నేసి ఉంచేదీ వాళ్లే. పొద్దున్నే "తిండి ఆయ్తా?" (టిఫిన్ అయిందా?) అంటే ఆరా తీస్తున్నారని కాదు, పలకరింపు, "ఆయ్తు" అని నవ్వితే చాలు. ఇంగ్లీషులో మాట్లాడితే మర్యాదగానే జవాబిస్తారు, అంతే, అక్కడితో ఆగిపోతుంది.

మేం దిగిన కొత్తలో రాత్రి ఆలస్యంగా వచ్చి కారు ఎదురింటి గేటు ముందు పెట్టేశాం. తెల్లారి చూద్దును కదా, ఆ పెద్దావిడ కారుని వదిలేసి మిగిలిన జాగాలో ముగ్గు వేసింది, తామరపువ్వు సరిగ్గా టైరు దగ్గరికొచ్చి సగంలో ఆగిపోయింది. ఒక్క మాట అనలేదు. ఆ సగం పువ్వు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. కారు తీయించి, వెళ్లి తప్పయిందని చెప్పా, వచ్చిన కన్నడం నాలుగు ముక్కలే.

ఆ డిసెంబరులో ఆవిడే చేటతో అవరెకాయలు పట్టుకొచ్చి మా వరండాలో కూర్చుంది. మన మదనపల్లెలో అనపకాయలంటామే, అవే. గింజలు నానబెట్టి తొక్క పితుకుతూ "హితికిద బేళె" అంది, "మాకూ పితికిన పప్పేనండీ" అన్నా, ఇద్దరం పడీపడీ నవ్వాం. అప్పట్నుంచి ప్రతి ఏడూ మా వరండాలోనే.

తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టు, కలిపితే బండివాళ్లు వీధి అంతా వినేలా అడుగుతారు. ఆదివారం తొమ్మిదింటికి సీటీఆర్ హోటల్లో బెణ్ణె దోసె (వెన్న దోసె) అని బయల్దేరకు, క్యూలోనే ఆకలి చచ్చిపోతుంది. తెలుగు వినాలనిపిస్తే వయ్యాలికావల్‌లో కృష్ణదేవరాయ కళామందిరం నీకు దగ్గరే.

పాలు పొంగించడానికి గిన్నె కొనకు, నాది తెస్తా. పరమాన్నం మాత్రం కాస్త ఎక్కువ వండుదాం, అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు, ఎదురిల్లు.

మీ పెద్దమ్మ