పాతికేళ్లు దాటాయని హోమ్ నుంచి తీసుకెళ్లిపొమ్మంటే?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అబ్బాయికి 26 ఏళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. చాలా ఏళ్లుగా ఊరి శివార్లలోని ఒక ప్రైవేటు హోమ్‌లో ఉంటున్నాడు. పొద్దున్నే తన దుప్పటి తానే మడతపెట్టుకుని, పేపర్ ప్లేట్లు చేసే మెషిన్ దగ్గర కూర్చుంటాడు. పాతికేళ్లు దాటినవాళ్లను ఇక ఉంచుకోమని, నెలాఖరుకల్లా తీసుకెళ్లాలని ఇప్పుడు చెబుతున్నారు. మావారు లేరు. మోకాళ్ల నొప్పులతో వాడిని ఒక్కదాన్నే చూసుకోలేను. మాలాంటి తల్లిదండ్రులు ఇంకొందరున్నారు. చట్టం మాకేమైనా అండగా ఉంటుందా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. 'మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం' అని రాసిన కాగితం ఏది ఇచ్చినా సంతకం పెట్టకండి. పంపేయడానికి కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వమనండి. చేర్చినప్పటి ఒప్పందం, ఫీజు రసీదులు వెతికి పెట్టుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి హోమ్‌కి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. ఈ హోమే మీ అబ్బాయిని జీవితాంతం ఉంచుకోవాలని బలవంతపెట్టే సెక్షన్ లేదు, ఆ ఆశ మీకు కల్పించలేను. కానీ ఒప్పందంలో లేని వయోపరిమితిని మధ్యలో తెచ్చి, ఇంకో చోటు దొరక్కముందే పొమ్మనడాన్ని నిలదీయవచ్చు. ఫీజు తీసుకుని చేసే సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే విషయం. గార్డియన్‌షిప్ (అతని తరఫున వ్యవహారాలు చూసే చట్టబద్ధ అధికారం) ప్రస్తావనే లేదు. 18 నిండాక కన్నతల్లి కూడా చట్టం దృష్టిలో తనంతట తాను గార్డియన్ కాదు. బ్యాంకులో, ఆస్తి విషయంలో, రేపు ఈ హోమ్‌తో గొడవలో కూడా 'మీరెవరు?' అని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి. బుద్ధిమాంద్యం వంటి వైకల్యాలున్నవారి సంక్షేమానికి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థను ఏర్పరచిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయండి. అందులో కలెక్టరుతో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక ఇలాంటి పనులకు బందరు వెళ్లక్కర్లేదు, విజయవాడ కలెక్టరేటే చాలు. మీ తర్వాత ఎవరన్నది కూడా ఇప్పుడే ఆలోచించండి. మీకు నమ్మకమున్న మరొకరి పేరునూ మీరు సూచించవచ్చు. ఆ గార్డియన్ ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా తొలగించమని బంధువులు అడగవచ్చు.

దరఖాస్తుతో వైకల్య ధ్రువపత్రం ఎలాగూ పెడతారు. దానికి మీ అబ్బాయి దినచర్యను ఒక పేజీ రాసి జత చేయండి: దుప్పటి, ప్లేట్ల మెషిన్, ఎవరితో కలిసి తింటాడు, దేనికి బెదురుతాడు. డాక్టరు రాసే శాతం అతనికి ఎలాంటి చోటు కావాలో చెప్పదు, ఆ పేజీ చెబుతుంది. అతన్నీ అడగండి. ఎక్కడుండటం ఇష్టమో తల ఊపి చెప్పినా అది అతని మాటే. సమాజంలో అందరి మధ్య జీవించే హక్కు ఆ 2016 చట్టమే అతనికిచ్చింది; ఫలానా చోటే ఉండి తీరాలన్న బలవంతం లేకుండా చూసేందుకు ప్రయత్నించాలని ప్రభుత్వానికీ చెప్పింది.

మిగతా తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టుకోండి. తల్లిదండ్రుల సంఘాలు నేషనల్ ట్రస్ట్‌లో నమోదు కావచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. ఆ కమిటీలో కూర్చునే సంస్థ ప్రతినిధి అలా నమోదైన సంస్థల నుంచే వస్తారు. ఖర్చు గురించి టెన్షన్ పడకండి, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

ఈ సోమవారమే కలెక్టరేట్‌లో అందరూ కలిసి ఒకే అర్జీ ఇవ్వండి. ఒక ప్రతి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మీ దగ్గరుంచుకునే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాకే బయటికి రండి.