రెక్కలు ముడుచుకుపోయిన తేనెటీగలు: పత్తి మందా, వైరసా?

పరకాల దగ్గర పత్తి చేన్ల పక్కన తేనెటీగల పెట్టెలు పెట్టారని, రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు పాకుతున్నాయని రాశారు. ఇది మందు దెబ్బా వైరసా, ల్యాబ్‌కు పంపాలా అని కదా మీ ప్రశ్న. నావి నర్సంపేట వైపు మామిడి తోటలో ఉన్న మెల్లిఫెరా (ఐరోపా జాతి తేనెటీగ) పెట్టెలు. మా అనుభవం చెప్తాను.

మీరు చెప్పిన గుర్తులు మందువి కావు. పత్తికి మందు కొడితే ఒకటి రెండు రోజుల్లోనే, అటు మేతకు పోయే పెట్టెలన్నిటి ముందూ చచ్చిన ఈగలు కుప్ప పడతాయి. చాలావాటికి నాలుక బయటికి వచ్చి ఉంటుంది. బతుకమ్మ రోజుల్లో మా దగ్గర ఇది మామూలే. వైరస్ అలా ఒక్కసారిగా మీద పడదు, ముందు ఒకటి రెండు పెట్టెల్లో మొదలవుతుంది. ఈగ తేనెపట్టు గదిలోంచే ముడత రెక్కలతో, కురచ పొట్టతో పుడుతుంది. ఎగరలేక గడ్డిలో పాకుతుంది. ఈ వైరస్‌ను ఎక్కువగా ఎక్కించేది ఈగల ఒంటికి పట్టుకుని బతికే వరోవా నల్లి.

ల్యాబ్ సంగతి. ఈ వైరస్ పైకి బాగా కనిపించే పెట్టెల్లోనూ ఉంటుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ కుటుంబం పోతుందని కాదు. అందుకే ముందు నల్లి లెక్క చూడమంటాను.

పిల్ల పురుగులున్న ఫ్రేమ్ (ఈగలు పట్టు కట్టే చట్రం) తీసి, దాని మీద రాణి లేదని రెండుసార్లు చూసుకోండి. అర కప్పు ఈగల్ని, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలోకి దులపండి. రెండు చెంచాల చక్కెర పొడి వేసి మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచండి. తర్వాత సీసా తిరగేసి, కొంచెం నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలోకి గట్టిగా ఊపండి. చక్కెర కరిగిపోతుంది, ఎర్రటి నల్లులు మిగులుతాయి. లెక్కపెట్టి మూడుతో భాగించండి. వంద ఈగలకు మూడు నల్లులు దాటితే, నల్లిని తగ్గించే పని ఆలస్యం చేయొద్దు. చక్కెర పూసుకున్న ఈగలు తిరిగి పెట్టెలోకే పోతాయి, వాటికేం కాదు.

అన్నిటికన్నా పనికొచ్చేది నోట్‌బుక్. ప్రతి పెట్టెకు పెయింటుతో నంబరు వేసి, పిల్లల ఫ్రేములెన్ని, మూత వేసిన పిల్లల గదుల మధ్య ఖాళీలున్నాయా, నల్లి ఎంత, ఏ ఫ్రేమ్ ఏ పెట్టె నుంచి వచ్చింది అన్నీ రాయండి. ఈ చివరిది ఎవరూ రాయరు. మా తోటలో జబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో దాన్నిబట్టే తేలింది: బలహీనంగా ఉన్న పెట్టెలకు సాయంగా ఇచ్చిన పిల్లల ఫ్రేములన్నీ ఒకే పెట్టెవి. వరస చివరి పెట్టెల్ని కూడా కనిపెట్టి ఉండండి, దారి తప్పిన ఈగలు ఎక్కువగా అక్కడే చేరతాయి.

ఒకవేళ మీవి పుట్ట ఈగలైతే (మన నాటు తేనెటీగలు) భయపడాల్సింది వేరే జబ్బుకి, పిల్ల పురుగుల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్‌కి. 1991-92లో కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో ఈ ఈగల్ని దాదాపు తుడిచిపెట్టింది అదే. మూత తీసి ఉన్న గదిలో పిల్ల పురుగు వెల్లకిలా చాచుకుని, తల పైకెత్తి చచ్చి ఉంటుంది. చిమటాతో లాగితే నీళ్ల ప్యాకెట్‌లా తిత్తితో సహా వస్తుంది. వాసన ఉండదు. పుల్లటి కంపు వచ్చినా, అగ్గిపుల్లతో లాగితే తీగలా సాగినా అది బ్యాక్టీరియా జబ్బు.

అయినా ల్యాబ్ కావాలంటే ముందు ఫోన్ చేసి అడగండి. కరోనా టైంలో మనందరికీ నోటికొచ్చిన ఆర్టీపీసీఆరే ఇక్కడా చేసేది. ఎండిపోయిన ఈగలు పనికిరావు, మన ఎండకు వైరస్ ఆర్‌ఎన్‌ఏ (పరీక్షలో వెతికే దాని జన్యు పదార్థం) త్వరగా పాడైపోతుంది. జబ్బు గుర్తులున్న బతికున్న ఈగల్ని థర్మాకోల్ డబ్బాలో ఐస్ మీద పంపాలి.

వైరస్‌కు మందు లేదు. టెట్రాసైక్లిన్ కలిపిన పాకం పట్టమని ఎవరైనా చెప్తే వినకండి, వైరస్ పోదు సరికదా తేనెలో మందు మిగిలిపోతుంది. నల్లిని తగ్గించాలి. ఎండలు ముదిరాక నల్లిని చంపే ఫార్మిక్ యాసిడ్ పెడితే రాణికే ప్రమాదం. నేనైతే రాణి గుడ్లు పెట్టకుండా దాన్ని మూడు వారాలు పంజరంలో ఉంచి, మూత గదులన్నీ ఖాళీ అయ్యాక ఆక్జాలిక్ యాసిడ్ వాడతాను. మూతల కింద దాక్కున్న నల్లికి అది తగలదు కాబట్టి.

అప్పటిదాకా పెట్టెల మధ్య ఫ్రేములు మార్చకండి. మీవి మెల్లిఫెరానా, పుట్ట ఈగలా? నల్లి లెక్క ఎంతొచ్చిందో, పిల్లల ఫ్రేమ్ ఫొటోతో పాటు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.