పువ్వు అడవినాభే, గొర్రెపిల్లల్ని చంపింది మాత్రం అది కాకపోవచ్చు

ప్రశ్న: మా ఊరి గడ్డి బంజరులో ఇదివరకు ఎప్పుడూ చూడని తీగ ఒకటి ఈ వానలకి మొలిచి పూసింది. పువ్వు కింద పసుపు, పైన ఎరుపు. అక్కడ మేసిన గొర్రెపిల్లల్లో బాగా బలిసినవి రెండు రాత్రికి రాత్రే చచ్చిపోయాయి. సాయంత్రం బాగానే ఉన్నాయి. మందుల షాపులో 2,4-డి కొట్టమన్నారు. ఫొటోలు పంపుతున్నాను. ఇదేం మొక్క?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీ ఫొటోల్లో ఉన్నది అడవినాభి. అగ్నిశిఖ, కలప్పగడ్డ అని కూడా అంటారు. రంగుని బట్టి పోల్చుకోవద్దు. ఈ పువ్వు ముందు పచ్చగా విచ్చి, పసుపుకి తిరిగి, చివరికి నిండు ఎరుపవుతుంది. ఆకు కొస చూడండి. సన్నగా సాగి, దొరికినదాన్ని చుట్టేస్తుంది. మీ మూడో ఫొటోలో గడ్డిపోచకి రెండు చుట్లు చుట్టుకుని ఉన్నది అదే. పువ్వు కిందికి వేలాడుతుంది, ముడతల అంచులున్న ఆరు రేకలు మాత్రం పైకి విరుచుకుంటాయి. కీలం, అంటే పువ్వు నడుమ పిందె నుంచి సాగే సన్న కాడ, మొదట్లోనే పక్కకి మడిచినట్టు ఉంటుంది. ఇవన్నీ కలిస్తే ఇంక సందేహం లేదు.

మొక్కంతా విషమే, దుంపలో, గింజల్లో మరీ ఎక్కువ. కోల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది, దానికి విరుగుడు మందు లేదు. కానీ అది తిన్న జీవం చొంగ కారుస్తుంది, మేత మానేస్తుంది, నెత్తురు విరేచనాలతో ఒకటి రెండు రోజులు బాధపడుతుంది. సాయంత్రం బాగా మేసి తెల్లారేసరికి చచ్చాయన్నారు, అదీ బలిసిన పిల్లలే. నా అనుమానం చిటుకు రోగం మీద. వానలకి మొలిచిన లేత గడ్డి ఒక్కసారిగా తింటే పేగుల్లోని బాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతాయి. ఈసారి ఏదైనా చస్తే పాతిపెట్టకుండా వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసి కోత పరీక్ష (పోస్ట్‌మార్టం) చేయించండి. ఆలస్యమైతే కళేబరం కుళ్లి ఏమీ తేలదు.

ఇక ఆ షాపు సలహా. 2,4-డి వెడల్పాకు కలుపు మందు. అడవినాభి గడ్డి, వరి లాగే ఏకదళబీజం (గింజలో ఒకే బద్ద ఉండే) మొక్క, ఆకులో ఈనెలు నిలువుగా సాగుతాయి, చూసుకోండి. తీగ చావదు సరికదా, గడ్డిలో ఉన్న పప్పుజాతి మేత మాడిపోతుంది. గాలికి పక్క చేలో వంగ, టమాటా ఆకులు ముడుచుకుంటాయి. మొక్క పేరైనా అడగకుండా డబ్బా చేతిలో పెట్టేవాడి దగ్గర మందు కొనకండి!

దుంపల కోసం తవ్వేసి చాలాచోట్ల ఈ మొక్కని తగ్గించేశారు. మీది తవ్వకండి, చుట్టూ ముళ్లకంప వేస్తే చాలు. తప్పనిసరై తీయాల్సి వస్తే చేతి తొడుగులతో, నాగలి ఆకారంలో ఉండే దుంపని విరగకుండా తీయండి. దాని రెండు కొనల్లోనూ మొలక ఉంటుంది, విరిగిన ముక్క మళ్లీ లేస్తుంది. చిలగడదుంప అనుకుని పిల్లలు తినే ప్రమాదం ఉంది, గట్టున పడేయకండి.

మిగిలిన మందకి చిటుకు టీకా వేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఏటా మే నెలలో, తొలకరికి ముందే పడాలి. మూడు నాలుగు నెలలు దాటిన పిల్లలకి చర్మం కింద సీసా మీద రాసిన మోతాదు, 15 రోజులకి రెండో మోతాదు. సీసాని ఐసు డబ్బాలోనే తేవాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఈ ఏడు ఆలస్యమైనా ఆరోగ్యంగా ఉన్నవాటికి రేపే వేయించండి. పని చేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి అంతవరకు పొద్దున్నే ఎండుగడ్డి పెట్టి, మంచు ఆరాక రెండు గంటలు మించకుండా మేపండి.