గొంతు కీచుమంటోందట... కామెంటరీ మానేయనా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా స్పోర్ట్స్ చానెల్లో యాంకర్‌ని. మ్యాచ్‌కు ముందు, తర్వాత ఆటగాళ్లతో మాట్లాడించడం నా పని. ఈమధ్య మహిళల క్రికెట్ మ్యాచ్‌లకు కామెంటరీ చెప్పే అవకాశం ఇచ్చారు. నాలుగు మ్యాచ్‌లు చెప్పాను. ‘గొంతు కీచుమంటోంది’, ‘వంటింట్లోకి పో’ అంటూ వందల కామెంట్లు. మావారు వాటి స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపుతుంటారు. హాయిగా స్టూడియోలో కూర్చోక ఇదంతా ఎందుకంటారు. టూర్‌లో ఉంటే నాలుగేళ్ల బాబు ఫోన్లో ఏడుస్తాడు. నిద్ర పట్టడం లేదు. కామెంటరీ మానేయనా?

సలహా: మీ ఉత్తరాన్ని కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో ట్రోల్స్ గురించి రెండు పేజీలుంది. మీవారు స్క్రీన్‌షాట్లు పంపుతుంటారన్నది ఒక్క వాక్యం. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

ముందు గొంతు సంగతి తేల్చేద్దాం. టెన్షన్‌లో గొంతు కండరాలు బిగుసుకుంటాయి, స్వరం పైకి పోతుంది. మగవాళ్లకీ అంతే. కాకపోతే వాళ్లు అరిస్తే జోష్ అంటారు, మీరు అరిస్తే కీచు అంటారు. జనం చెవులు అలవాటుపడ్డ గొంతు వేరు మరి. 2007లో జాకీ ఓట్లీ బీబీసీ ఫుట్‌బాల్ కార్యక్రమం ‘మ్యాచ్ ఆఫ్ ద డే’లో తొలి మహిళా కామెంటేటర్‌గా రాబోతుంటే, ఆవిడ ఇంకా నోరు తెరవకముందే పత్రికల్లో రచ్చ మొదలైంది. వినకుండానే బాగోలేదన్నవాళ్లకు గొంతుతో పనేముంది? ఆ తర్వాత ఆవిడ ఏళ్ల తరబడి ఆ మైక్ వదల్లేదు. అంతెందుకు, భారత క్రికెట్ తొలి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు కూతురు చంద్రా నాయుడు 1977లోనే క్రికెట్ కామెంటరీ చెప్పారు. మీరు చేస్తున్నది కొత్త పనేం కాదు.

అలాగని నేర్చుకోవాల్సిందేమీ లేదనను. యాంకర్ పని ప్రశ్న అడగడం. కామెంటేటర్ పని సగం చెప్పడం, సగం ఊరుకోవడం. వికెట్ పడిందని టీవీ చూసేవాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. మీరు ఒక్క ఊపిరి తీసుకుని, స్టేడియం హోరును వినిపించనిచ్చి, అప్పుడు మాట్లాడండి. స్వరం దానంతటదే కిందికి దిగుతుంది. ఇంట్లో పాత మ్యాచ్ ఏదైనా సౌండ్ తీసేసి పెట్టుకుని, పది ఓవర్లు చెబుతూ ఫోన్లో రికార్డు చేసుకోండి. మర్నాడు వినండి, అదే రోజు వద్దు. ఒక చెవిలో ప్రొడ్యూసర్ ‘పది, తొమ్మిది, ఎనిమిది’ అని లెక్కపెడుతుంటే వాక్యం తడబడకుండా ముగించడం మీకు ఎనిమిదేళ్లుగా వచ్చు. కొత్తగా వచ్చేవాళ్లను ఏడిపించేది అదే.

ఇక మీవారు. ఆయన చెడ్డవారని నేననుకోవడం లేదు. బహుశా ఎవరో స్నేహితుడు ఆ కామెంట్ చూపించి నవ్వి ఉంటాడు. ఆ అవమానాన్ని ఏం చేసుకోవాలో తెలియక మీకు పంపేస్తున్నారు. కానీ ముక్కూమొహం తెలియనివాడు రాస్తే అది ట్రోల్. అదే మీవారి నంబర్ నుంచి వస్తే ఆయన మాటే అవుతుంది. నిద్ర పట్టనివ్వనిది ఇదేనని నా అనుమానం. ‘నువ్వు నా మ్యాచ్ మొత్తం విన్నావా? నీకెలా అనిపించింది?’ అని అడగండి. విని ఉండరేమో! వాళ్ల మాటలు కాదు, ఆయన అభిప్రాయం కావాలని చెప్పండి. అది మీకు నచ్చకపోయినా వినండి.

ఆయన భయంలో న్యాయమైనది ఒకటుంది. వెక్కిరింపు వేరు, బెదిరింపు వేరు. ఎవరైనా మీరు దిగిన హోటల్ గురించి రాసినా, హాని చేస్తామన్నా, అలాంటివాటి స్క్రీన్‌షాట్లు మాత్రం దాచాలి. చానెల్‌కూ పోలీసులకూ చెప్పాలి. ఎక్కడున్నారో తెలిసేలా ఫొటోలు ఆ ఊరు వదిలాకే పెట్టండి.

బాబు ఏడుపు మాత్రం కామెంటరీది కాదు, టూర్లది. యాంకర్‌గా ఉన్నప్పుడూ టూర్లు ఉన్నాయిగా? ఆ రెంటినీ కలిపి మీరు అనవసరంగా శిక్ష వేసుకుంటున్నారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. 1987లో గేల్ సీరెన్స్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌కు టీవీలో కామెంటరీ చెప్పిన మొదటి మహిళ. తర్వాతి సీజన్‌లో మరో ఆరు మ్యాచ్‌లు ఇస్తామన్నారు. ఆవిడ వార్తలు చదివే స్థానిక స్టేషన్ మాత్రం అదో ఇదో తేల్చుకోమంది. ఆవిడ వార్తల్లోనే ఉండిపోయారు. రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌కు ఇంకో మహిళ, బెత్ మోవిన్స్, అలా మైక్ పట్టుకునేసరికి 2017 వచ్చింది. సీరెన్స్ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ‘అదో ఇదో’ అన్న షరతు పెట్టింది పైవాళ్లు. మీ విషయంలో చానెల్ అలాంటి షరతేం పెట్టలేదు, మీకు మీరే పెట్టుకుంటున్నారు. యాంకర్ పని వదలొద్దు. ఒక సీజన్‌కు ఎన్ని మ్యాచ్‌లిస్తారో మెయిల్‌లో రాసివ్వమనండి. ప్రతి మ్యాచ్ తర్వాత ప్రొడ్యూసర్‌తో పది నిమిషాలు కూర్చుని, ఎలా చెప్పానని అడగండి. సీజన్ అయ్యాక అప్పుడు తేల్చుకోండి, మానేయాలనిపిస్తే అప్పుడు మానేయండి.

ఈలోగా ఇంకో స్క్రీన్‌షాట్ వస్తే తెరవకండి. ‘ఇంటికొచ్చాక మాట్లాడదాం’ అని పెట్టి, ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కు పెట్టేసి పడుకోండి.