బండి సందేహాలు: పెట్టె విప్పని పాత రబ్బరును నమ్మొచ్చా?

ఈ విడత ప్రశ్నలన్నీ పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల మీదే. అమెరికాలో ఉంటున్న పాఠకులు నిస్సాన్ కంపెనీ డాట్సన్ పేరుతో అమ్మిన 240జెడ్ గురించి అడిగారు, జపాన్ నుంచి ఒకరు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ గురించి అడిగారు. ‘ఒరిజినల్’ అన్న పట్టు ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి అన్నదే దాదాపు అందరి సందేహం.

ప్ర: 1972 240జెడ్ ఒకటి అమ్మకానికి వచ్చింది. రంగు అద్దంలా మెరుస్తోంది. నంబర్లన్నీ కలుస్తున్నాయంటున్నాడు అమ్మేవాడు. ఏం చూసి కొనాలి? – ఒక పాఠకుడు, శాక్రమెంటో

జ: రంగు ఆఖర్న చూద్దురుగాని, ముందు పాత బట్టలు వేసుకెళ్లి బండి కింద పడుకోండి. ఈ బండిలో ఇంజిన్ చావడం అరుదు, రేకు చావడమే ఎక్కువ. ఇంజిన్ గదిలో కుడివైపు వెనక మూలన బ్యాటరీ ఉంటుంది. దాని యాసిడ్ ఏళ్ల తరబడి కారి పళ్లేన్ని తిని, అక్కణ్ణుంచి కింద ఫ్రేము రైలు (బండి బరువు మోసే పొడవాటి రేకు దూలం) మీదికి దిగుతుంది. పళ్లెం కొత్తది వెల్డింగ్ చేసేస్తారు, రైలు మాత్రం పాతదే ఉంటుంది. టార్చి వేసి దాని అడుగు చూడండి.

తర్వాత వైపర్ల కింద ఉండే జాలీ. అందులో ఆకులు పడి నీళ్లు పోయే దారి మూసుకుంటే వాన నీరు కాళ్ల దగ్గరికి దిగుతుంది. కార్పెట్ ఎత్తి, ఫ్లోరుకి అంటించిన తారు షీటును బొటనవేలితో నొక్కండి. కరకరమంటే కింద రేకు పోయినట్టే. సీట్ల కింద ఫ్లోరుకి అతికిన రైళ్లు రేకు మడిచి చేసినవి. జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టడం వల్ల చాలా బండ్లలో అవి అణిగిపోయి, ఆ మడతల్లో తడి నిలుస్తుంది. వెనక చక్రానికి ముందు, తలుపు గడప చివర వంపు తిరిగే చోట లోపల మట్టి పేరుకుంటుంది. స్టెప్నీ గుంట, డిక్కీ తలుపు కింది అంచు, టెయిల్‌లైట్ల వెనక రేకు కూడా చూడాలి. చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి వీటన్నిటి మీదా పెట్టండి. పట్టు జారిన చోటల్లా పుట్టీ ఉంది.

నంబర్ల మాట. ఇంజిన్ వెనక గోడ మీద కొట్టిన ఛాసిస్ నంబరు, ముందు అద్దంలోంచి కనిపించే డ్యాష్‌బోర్డు పలక మీది నంబరు ఒకటే కావాలి. అమెరికాకి వచ్చినవి హెచ్‌ఎల్‌ఎస్30తో మొదలవుతాయి. ఇంజిన్ నంబరు బ్లాకు కుడి పక్క, ఆరో సిలిండరు దగ్గర, హెడ్డుకి కాస్త కింద ఉంటుంది. దాన్ని ఇంజిన్ గదిలోని పలకతో పోల్చండి. బ్లాకు మీద 240జెడ్ అసలు ఇంజిన్ ఎల్24 బదులు ఎల్28 అని ఉంటే తర్వాతి మోడళ్ల (280జెడ్ లాంటివి) ఇంజిన్ ఎక్కించారన్నమాట. నడపడానికి అది నిజానికి మెరుగే, కానీ ‘నంబర్లు కలిసిన’ ధర ఇవ్వక్కర్లేదు.

ప్ర: ఐడ్లింగ్‌లో నా 240జెడ్ ఇంజిన్ ఊగుతోంది. ముందు మూడు ప్లగ్గులు నల్లగా, వెనక మూడు తెల్లగా వస్తున్నాయి. రెండు కార్బురేటర్లూ తీసేసి వెబర్ కంపెనీ కార్బురేటర్లు పెట్టమంటున్నారు మెకానిక్. – డాలస్

జ: వద్దు. మీ ప్లగ్గులే జవాబు చెబుతున్నాయి. ముందు కార్బురేటర్ 1, 2, 3 సిలిండర్లకి, వెనకది 4, 5, 6కి పోస్తుంది. ఒకటి ఎక్కువ పోస్తోంది, ఇంకొకటి తక్కువ. ఈ హిటాచీ ఎస్‌యూ రకం కార్బురేటర్లు సరిగ్గా కుదిరితే ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు.

అయితే కార్బురేటర్ దగ్గర మొదలుపెట్టకండి. మొదట వాల్వు గ్యాప్: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.30 మి.మీ.; చల్లగా ఉంటే 0.20, 0.25. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ 0.45 నుంచి 0.55 మి.మీ. మధ్య. ప్లగ్గులు ఎన్‌జీకే బీపీ6ఈఎస్. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. వీటిలో ఒకటి తప్పినా కార్బురేటర్ మీద పెట్టిన శ్రమంతా వృథా.

ఇక కార్బురేటర్లు. పైన గంటలాంటి మూత, దానిలో జారే పిస్టన్ జతగా తయారైనవి, ముందుదాన్ని వెనకదానితో కలపొద్దు. రెండు డబ్బాలు పెట్టుకుని విడివిడిగా సాల్వెంట్‌తో కడగండి. గరుకు కాగితం తగలకూడదు. పిస్టన్ పక్కలకి నూనె రాయకూడదు. నూనె పోసేది మధ్య గొట్టంలోకి మాత్రమే, 20 నంబరు ఆయిల్, పుల్ల మీది గీతల మధ్యకి. తర్వాత పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే ‘టక్’మని పడాలి. నెమ్మదిగా దిగినా మధ్యలో ఆగినా పిస్టన్ కింద ఉండే సూది, పెట్రోల్ వచ్చే నాజిల్ గోడకి ఒరుసుకుంటోంది, నాజిల్‌ని మళ్లీ మధ్యకి తేవాలి.

మీ బండిలో మొదట అనుమానించాల్సింది ముందు కార్బురేటర్ చోక్ వైరును. ఈ రకంలో చోక్ లాగితే నాజిల్ కిందికి దిగి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. వైరు బిగుసుకుంటే నాజిల్ పూర్తిగా పైకి రాదు, ఆ మూడు ప్లగ్గులూ మసి పడతాయి. చేత్తో నాజిల్‌ని పైకి నెట్టి చూడండి. కదిలిందంటే దొంగ దొరికినట్టే. అక్కడ బాగుంటే, కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే రెండు ఫ్లోట్ల మట్టమూ సరిచూడండి. ఎవరైనా ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఉంటే ఒత్తిడి సుమారు 4 పీఎస్‌ఐ దాటకుండా చూడండి, లేకపోతే ఫ్లోటు వాల్వు ఆపలేక పెట్రోలు పొంగుతుంది.

అప్పుడు సెట్టింగ్. నాజిల్ ఎత్తును మార్చే రెండు మిక్స్చర్ నట్లనీ పూర్తిగా పైకి బిగించి, ఒక్కోటీ రెండున్నర చుట్లు కిందికి దింపండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, గాలి కొలిచే మీటరును ఒక్కో కార్బురేటర్ నోటికి పెట్టి రెండూ సమానంగా పీల్చేలా ఐడ్లింగ్ స్క్రూలు తిప్పండి. గాలి సమానం కాకుండా మిక్స్చర్ జోలికెళ్లడం చాలామంది చేసే తప్పు. తర్వాత ఒక్కో పిస్టన్‌ని సన్నని స్క్రూడ్రైవర్‌తో ఒక మిల్లీమీటరు ఎత్తండి. స్పీడు కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయింది. పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. నట్టును ఎనిమిదో వంతు చుట్టుకి మించి ఒక్కసారి తిప్పకండి. చివరగా 2500 ఆర్‌పీఎం దగ్గర మరోసారి గాలి కొలవండి. ఐడ్లింగ్‌లో సమానంగా ఉండి ఇక్కడ తేడా వస్తే లోపం రెండు కార్బురేటర్లనీ యాక్సిలరేటర్‌తో కలిపే లింకేజీలో ఉంది.

ప్ర: నా 240జెడ్‌కి జపాన్ నుంచి సీలు తియ్యని బ్రేక్ హోసులు, పెట్రోల్ గొట్టాలు దొరికాయి. డెబ్బైల్లోవి, కంపెనీ పెట్టెలో ఉన్నాయి. వేసుకోవచ్చా? – న్యూజెర్సీ

జ: షోకేసులో పెట్టుకోండి, బండికి మాత్రం వెయ్యొద్దు. రబ్బరు పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని గట్టిపరుస్తాయి, మెత్తగా ఉంచే పదార్థం మెల్లగా పోతుంది. పైకి నిగనిగలాడిన హోసు లోపల చీలి, బ్రేకు ఒత్తిడికి పగలొచ్చు. పైగా ఆ గొట్టాలు ఇథనాల్ కలవని పెట్రోలు కోసం చేసినవి. ఇప్పటి ఇ10 (పది శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ వాటిని ఇంకా తొందరగా తినేస్తుంది. బ్రేక్ హోసులు, వీల్ సిలిండర్ కప్పులు, పెట్రోల్ గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు ఎప్పుడూ ఈ మధ్య తయారైనవే కొనండి.

పాత స్టాకు మీద డబ్బు పెట్టాల్సింది గాజు, ఇనుము, అల్యూమినియం, బ్యాడ్జీలు, స్విచ్చులు, లైటు అద్దాల మీద. వెనక డిక్కీ రబ్బరు, టెయిల్‌లైట్ గాస్కెట్లు కూడా కొత్తవి వేయించండి. అవి గట్టిపడ్డ బండిలో కిటికీ దించి వెళ్తుంటే వెనక నుంచి సైలెన్సర్ పొగ లోపలికి లాక్కుంటుంది. తలనొప్పితో దిగే 240జెడ్ యజమానులు ముందు చూడాల్సింది అక్కడే.

కొనేటప్పుడు నిస్సాన్ పార్టు నంబరు చదవడం నేర్చుకోండి. మొదటి ఐదు అక్షరాలు అది ఏ వస్తువో చెబుతాయి, చివరి ఐదు ఏ బండికో చెబుతాయి. చివరి భాగం ఇ41తో మొదలైతే 240జెడ్ కోసం మొదలైన నంబరు.

ప్ర: మూడు నెలలు ఇండియా వెళ్తున్నాం. 240జెడ్ గ్యారేజీలో ఉంటుంది. – ఆస్టిన్

జ: ట్యాంకు నిండా పోయించండి, ఖాళీ ఉంటే తడి చేరి లోపల తుప్పు పడుతుంది. స్టెబిలైజర్ కలిపాక పది నిమిషాలు ఇంజిన్ నడపండి, అది కార్బురేటర్ల దాకా చేరాలి. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా చక్రాలకి చెక్క ముక్కలు పెట్టండి, లేదంటే వెనక షూలు డ్రమ్ములకి పట్టేస్తాయి.

ప్ర: నా స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్‌లో టర్బోలు కంపెనీవే. బూస్ట్ (టర్బోలు ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచొచ్చా? – యోకొహామా

జ: మీ బండిలోని ఆర్‌బీ26 ఇంజిన్ కంపెనీ టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు చక్రాలు సెరామిక్‌వి. తేలిక కాబట్టి తొందరగా తిరుగుతాయి, కానీ వేడి, వేగం పెరిగితే విరుగుతాయి. సుమారు 1 బార్ దాటాక అది ఎప్పుడన్నదే ప్రశ్న. ఒరిజినల్‌గా ఉంచాలనుకుంటే కంపెనీ బూస్టులోనే నడపండి.

ఆర్32 ఇంజిన్‌కి ఇంకో బలహీనత ఉంది. క్రాంక్ ముక్కు మీద ఆయిల్ పంపును తిప్పే చదును భాగం పొడవు తక్కువ. రెవ్ లిమిటర్‌కి పదేపదే కొడితే ఆ అదురుకి పంపు గేరు పగులుతుంది, వెంటనే ఇంజినూ పోతుంది. ఇంజిన్ దించిన రోజున పొడవు కాలర్ వేయించండి. బయటికి కనిపించని ఇలాంటి చోట ‘ఒరిజినల్’ పట్టుదల వద్దు. టైమింగ్ బెల్టును లక్ష కిలోమీటర్లకి మారుస్తున్నప్పుడు టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు కూడా మార్చండి. క్రాంక్ పుల్లీ మధ్యలో ఉన్న రబ్బరు కూడా చూడండి. అది ఊడితే బయటి రింగు జారి, టైమింగ్ గుర్తులు అబద్ధం చెబుతాయి. నిస్సాన్ రేసింగ్ విభాగం నిస్మో నుంచి నిస్మో హెరిటేజ్ పేరుతో ఈ బండి పార్టులు కొన్ని మళ్లీ తయారవుతున్నాయి, పాత స్టాకు వెతికే ముందు ఆ జాబితా చూడండి.

ప్ర: 240జెడ్‌లో కొత్త క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేశాం. ఏ ఆయిల్? – షార్లెట్

జ: జింక్ ఎక్కువున్నది, వేడి ఊళ్లో 20డబ్ల్యూ-50. క్యామ్ మీద రాకర్లు ఒరుసుకుంటూ తిరిగే ఇంజిన్ ఇది, ఇప్పటి కార్ల ఆయిల్‌లో జింక్ తక్కువ. స్టార్ట్ చేసే ముందు వాల్వు కవరు తీసి, కాయిల్ వైరు ఊడదీసి సెల్ఫ్ కొట్టండి. క్యామ్ పైన ఉండే గొట్టం చిల్లుల్లోంచి ప్రతి లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) మీదా ఆయిల్ పడుతోందా చూడండి. ఒక చిల్లు మూసుకున్నా ఆ లోబ్ అరిగిపోతుంది. తర్వాత మొదటి ఇరవై నిమిషాలు 2000–2500 ఆర్‌పీఎం మీదే ఉంచండి, ఐడ్లింగ్‌లో వదలొద్దు. పాత రాకర్లు వేశారా? అయితే ఆపేసి, కొత్తవి తెచ్చాకే స్టార్ట్ చెయ్యండి.